వారమంతా సేవతోనే సరిపోయింది, వాక్యం చెప్పే సందు దొరకలేదు. ఇది పరిచర్యేనా?

కోతపనివాడు:

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. ఇక్కడ మీరంతా రాసేవి చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు. చదువు అయ్యాక, ఉద్యోగంలో చేరేముందు ఒక ఏడాది దేవుని పనికి ఇద్దామని మిషన్‌లో చేరాను. భాష కొత్త, మనుషులు కొత్త. నాతోపాటు ఇంకో బ్రదర్ ఉంటాడు, ఎక్కడికి వెళ్లినా ఇద్దరం కలిసే వెళ్లాలి, అది మా మిషన్ నియమం. ఆదివారం రాత్రి లీడర్‌కి వారం రిపోర్టు పంపాలి. నెలకోసారి మా కోసం ప్రార్థించేవాళ్లకి, ఖర్చులకి సాయం చేసేవాళ్లకి ప్రార్థన ఉత్తరం రాయాలి.

ఈ వారం ఏమైందంటే, ఎడతెగని వానలకి మేముండే వైపు పల్లపు ఇళ్లలోకి నీళ్లు వచ్చేశాయి. నీళ్లు దిగిపోయాక అసలు పని మొదలైంది. ఇంటింటా బురద. సోమవారం పొద్దున పార పట్టుకున్నవాళ్లం బుధవారం చీకటి పడేదాకా దించలేదు. బురద ఎత్తిపోయడం, నానిపోయిన పరుపులు బయటికి మోయడం, గోడలు కడగడం, ముసలివాళ్లుండే ఇళ్లు ముందు, మిగతావి తర్వాత. గురువారం ఆ వీధిలోనే ఒంటరిగా ఉండే ఒక పెద్దాయనకి ఊపిరి ఆడకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాం, ఆయనకి నా అన్నవాళ్లు ఎవరూ లేకపోవడంతో రాత్రంతా మేమే ఉండిపోయాం. శుక్ర, శనివారాలు బడి తెరవలేదు, పెద్దవాళ్లు ఇళ్లు సర్దుకుంటుంటే పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టి చదివించాం, ఆడించాం. ఆదివారం ఆరాధనలో ప్రసంగం జరుగుతుంటే నాకు కళ్లు మూతలు పడిపోయాయి.

ఇప్పుడు రిపోర్టు ముందు కూర్చున్నాను. ఎంతమందికి సువార్త చెప్పారు, ఎన్ని బైబిల్ స్టడీలు చేశారు, ఆరాధనకి కొత్తగా ఎవరు వచ్చారు, ఇవీ అందులో గడులు. అన్నిట్లో సున్నా పెట్టాలి. ఒళ్లు హూనం అయ్యేలా పని చేశాం, అందులో సందేహం లేదు. కానీ నేను వచ్చింది యేసు గురించి చెప్పడానికి, ఆ ఒక్క పని తప్ప అన్నీ చేశాననిపిస్తోంది.

రెండు సంగతులు మాత్రం మనసులోంచి పోవట్లేదు. బురద ఎత్తుతుంటే ఒక ఇంటావిడ మమ్మల్ని ఆపి అడిగింది, "మీ సాయం తీసుకుంటే తర్వాత మేం మీ చర్చికి రావాల్సి ఉంటుందా?" అని. నా పార్ట్‌నర్ వెంటనే "అదేం లేదమ్మా" అన్నాడు. ఆవిడ ముఖం తేటపడింది. ఆ జవాబు సరైనదేనని నాకూ తెలుసు. అయినా అలా అనేశాక ఇక ఆవిడకి యేసు గురించి ఎప్పుడు, ఏ ముఖం పెట్టుకుని చెప్తాం అని ఒకటే ఆలోచన.

రెండోది ఆసుపత్రిలో. ఆక్సిజన్ పెట్టాక పెద్దాయన కాస్త తెరిపిన పడ్డారు. నేను పక్కన కూర్చుని నా రోజువారీ భాగం చదువుకుంటున్నాను, ఆ రోజు వంతు 88వ కీర్తన. ఏం చదువుతున్నావని ఆయన అడిగితే, ఫోన్‌లో వాళ్ల భాష బైబిల్ తీసి వచ్చీరాని ఉచ్చారణతో పైకి చదివాను. ఆ కీర్తన తెలిసినవాళ్లకి తెలుసు, చివరి మాట దాకా చీకటే. చదవడం అయ్యాక గుండె దడదడలాడింది, ఊపిరాడని మనిషి ఇది విని ఇంకా కుంగిపోతారేమోనని. ఆయన కాసేపు కళ్లు మూసుకుని "ఇది రాసినాయన నాలాగే ఉన్నాడు" అన్నారు. అంతే. ఇంకేం మాట్లాడలేదు, నేనూ ఏమీ కలపలేదు.

ఇలాంటి వారాన్ని పరిచర్య అంటారా, లేక పరిచర్యకి ముందు చేసే పని అంటారా? ఇంకో బాధ కూడా ఉంది. తెల్లవారుజామున లేచి మోకరించే అలవాటు నాది, ఈ వారం పక్క మీద వాలేముందు రెండు మాటలు చెప్పుకోవడమే గగనమైంది. సేవ చేస్తూ చేస్తూ ప్రభువుకే దూరమవుతున్నానేమోనని టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. ఓదార్పు కోసం కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను.


పాతప్రయాణికురాలు:

తమ్ముడూ, వందనాలు. నేను పెళ్లికి ముందూ తర్వాతా మిషన్ వైద్య బృందాలతో తిరిగినదాన్ని, ఇప్పుడు కొత్తగా వెళ్లే పిల్లలకి తర్ఫీదు ఇస్తుంటాను. ఆ ఇంటావిడ ప్రశ్న దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే నువ్వడిగిన మిగతావాటికి కూడా వేరు అక్కడే ఉంది.

ఆవిడ ఊరికే అడగలేదు. ఇచ్చే చేతికీ పుచ్చుకునే చేతికీ మధ్య ఏదో ఒక బేరం ఉంటుందని బతుకు ఆవిడకి నేర్పి ఉంటుంది. మీ పార్ట్‌నర్ క్షణం ఆలస్యం లేకుండా "అదేం లేదమ్మా" అన్నాడు చూడు, ఈ వారం ఆ వీధిలో వినబడిన మొదటి సువార్త మాట అదే అంటాను నేను. కృప అంటే బేరం లేకపోవడమే కదా. లూకా 17లో పదిమంది కుష్ఠరోగులు శుద్ధులైతే తిరిగి వచ్చి ప్రభువు పాదాల దగ్గర సాగిలపడింది ఒక్కడు, వాడూ సమరయుడు. ఆ తొమ్మిదిమంది ఎక్కడ అని ప్రభువు అడిగాడు, అది ఆయనకి పట్టింది. కానీ రాలేదు గదా అని వాళ్ల స్వస్థత వెనక్కి తీసుకోలేదు.

బేరం లేదు కాబట్టి ఇక నోరు విప్పకూడదని కూడా కాదు. యోహాను 6 చూడు. కొండ మీద రొట్టెలు తిన్న జనం మర్నాడు వెతుక్కుంటూ సముద్రం దాటి వస్తే, మీరు రొట్టెలు తిని తృప్తి పొందారు కాబట్టే నన్ను వెదుకుతున్నారని వాళ్ల మొహం మీదే చెప్పాడు. ఆ మాటలకి చాలామంది వెళ్లిపోయారు కూడా. ఆకలి తీర్చేటప్పుడు షరతు పెట్టలేదు, సత్యం చెప్పేటప్పుడు మొహమాటపడలేదు.

మిషన్ చరిత్రలో దీనికి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ ఒంగోలులో పనిచేసిన అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ. 1876-78 నాటి మహా కరువులో ఒంగోలు ప్రాంతంలో జనం ఆకలితో రాలిపోతుంటే ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. మిషనరీ కాకముందు అమెరికాలో సర్వే పని చేసినవాడు కాబట్టి ఆ పని నడిపించగలిగాడు. అప్పుడే బాప్తిస్మం ఇమ్మని చాలామంది ఆయన వెంటపడ్డారు. ఆయన ఇవ్వలేదు. కరువు సాయం నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు, కూడు కోసం వస్తున్నారో ప్రభువు కోసం వస్తున్నారో తేలాలని. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. అందరూ ఆ అంకె చెప్పి ఆగిపోతారు. నాకైతే అంతకు ముందు ఆయన ఆపిన నెలలే పెద్ద పాఠం. ఆ నెలల్లో మీ ఫారం ఆయన చేతికిస్తే బాప్తిస్మాల దగ్గర సున్నానే పెట్టేవాడు.

ఇక ఆవిడకి ఎప్పుడు చెప్పాలి అంటావా, రేపు వెళ్లి ఇల్లు ఆరిందా అని పలకరించు. చర్చి ఊసు ఎత్తకు. మళ్లీ వారం మళ్లీ పలకరించు. మీరెందుకు ఇదంతా చేస్తున్నారని ఏదో ఒక రోజు ఆవిడే అడుగుతుంది, అప్పుడు దాచకుండా యేసు పేరు చెప్పు. ఒకవేళ అడగకపోయినా, ఇరుగుపొరుగు అయ్యాక నీ బతుకులో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి చెప్పుకోవడంలో తప్పేముంది? అప్పటికి సాయం బాకీ ఎవరి తల మీదా ఉండదు, ఇష్టమైతే వింటుంది, లేకపోతే లేదు.


బెరయవిద్యార్థి:

బ్రదర్, అక్క చెప్పినదాంతో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక్కచోట ఆగుతాను. "అదేం లేదమ్మా" అన్నది మంచి మాట, నిజాయితీ గల మాట. దాన్నే సువార్త అంటే మాత్రం ఒప్పుకోను. క్రీస్తు మన పాపాల కోసం చనిపోయి తిరిగి లేచాడన్న కబురు సువార్త. ప్రకటించేవాడు లేకుండా ఎలా వింటారని పౌలు రోమా 10:14లో అడిగింది అందుకే. బురద ఎత్తినందుకు ఆ వీధి నిన్ను మంచి కుర్రాడు అంటుంది, అంతమాత్రాన యేసు ఎవరో వాళ్లకి తెలిసిపోదు. సేవలో ఉన్న యువకుల్లో నేను తరచూ చూసే ప్రమాదం ఇదే. పని చేస్తే అందరూ మెచ్చుకుంటారు, మాట చెప్తే కొందరు మొహం తిప్పుకుంటారు, మెల్లమెల్లగా కాళ్లు మెప్పు దొరికే వైపే నడుస్తాయి. నువ్వు సున్నా చూసి బాధపడ్డావంటే ఆ జబ్బు నీకు ఇంకా రాలేదన్నమాట, ఆ బాధని పోగొట్టుకోకు.

కానీ నువ్వు రాసినదాంట్లోనే ఒకటి ఉంది. వాక్యం చెప్పే సందు దొరకలేదని పైన పెట్టావు. మరి ఆసుపత్రిలో జరిగిందేమిటి? ఒక మనిషి అడిగాడు, నువ్వు చదివావు, అది నేరుగా వెళ్లి ఆయన గుండెకి తగిలింది, తగిలిందని ఆయనే చెప్పాడు. మీ ఫారంలో దానికి గడి లేదు, అంతే తేడా. మనం కూర్చోబెట్టి పాఠం చెప్తేనే బోధ అనుకోవడం అలవాటైపోయింది. 88వ కీర్తనని దేవుడు తన గ్రంథంలో ఉంచుకున్నది అలాంటి మంచాల పక్కన చదవడానికే అని నేను నమ్ముతాను. ఎజ్రాహీయుడైన హేమాను పేరు మీద ఉన్న కీర్తన అది. చీకటిని ఎక్కడా తగ్గించి చెప్పలేదు, అయినా మొదటి పిలుపే తనని రక్షించే దేవుణ్ణి పిలవడం. ఆ పెద్దాయన చివరి వచనంలో తనని చూసుకున్నాడు, ఇంకోరోజు మెల్లిగా మొదటి వచనం గురించి మాట్లాడొచ్చు.

పరిచర్యా, పరిచర్యకి ముందు పనా అన్నావు కదా, అపొస్తలుల కార్యములు 6 నుంచి 8 దాకా మధ్యలో ఆపకుండా చదువు. విధవరాండ్రకి రోజూ పెట్టే భోజనంలో తేడా వచ్చిందని సణుగుడు మొదలైతే ఏడుగురిని ఏర్పరచారు, అపొస్తలులు మేం ప్రార్థనలో, వాక్యపరిచర్యలో ఉంటామన్నారు. చాలామంది అక్కడితో పుస్తకం మూసేసి, భోజనం బల్లల దగ్గర పని చిన్నది, ప్రసంగం పెద్దది అని తేల్చేస్తారు. కాస్త ముందుకెళ్తే ఆ గ్రంథం రాసిన లూకా ఎవరి సంగతి చెప్తున్నాడు? ఆ ఏడుగురి జాబితాలో మొదటి పేరు స్తెఫను, రెండో పేరు ఫిలిప్పు. యూదుల మహాసభ ముందు స్తెఫను చేసిన ప్రసంగం ఆ గ్రంథం మొత్తంలో అన్నిటికన్నా పొడుగైనది. ఫిలిప్పు సమరయలో ప్రకటించాడు, ఐతియొపీయుడి రథం ఎక్కి యెషయా గ్రంథం విడమర్చి చెప్పాడు. బల్లల దగ్గర పనికి మనుషుల్ని ఎంచేటప్పుడే ఆత్మతోనూ జ్ఞానంతోనూ నిండినవాళ్లు కావాలన్నారు మరి.

రిపోర్టులో సున్నా పెట్టు, సంకోచం వద్దు. కింద జాగా ఉంటే జరిగింది జరిగినట్టు రాయి. అంకె కోసం ఆ ఆసుపత్రి రాత్రిని "ఒక బైబిల్ స్టడీ" కింద మార్చకు. మిషనరీ అదోనిరామ్ జడ్సన్ 1813లో బర్మాలోని రంగూన్ చేరాడు, మొదటి బర్మీయుడికి బాప్తిస్మం ఇచ్చింది 1819లో. ఇంకో మిషనరీ రాబర్ట్ మోరిసన్ 1807లో చైనా చేరితే మొదటి బాప్తిస్మం 1814లో. మధ్యలో భాష నేర్చుకున్నారు, అనువాదానికి దిగారు. బర్మీస్ బైబిలూ, మోరిసన్ చైనీస్ బైబిలూ ఆ సున్నాల ఏళ్లలోనే మొదలయ్యాయి.


అవతలిగుమ్మం:

నేను క్రైస్తవుణ్ణి కాదు, మీ చర్చలు ఆసక్తిగా చదువుతుంటాను. ఇందులో సాయం అందుకున్నవాళ్ల మాట ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. నా చిన్నప్పుడు మా ఇల్లు ఇలాగే నీట మునిగింది, ఒక మిషన్ నుంచి కుర్రాళ్లు వచ్చి వారం పైనే పని చేశారు.

మా అమ్మకి అన్నిటికన్నా కష్టంగా అనిపించింది ఫోటోలు. ఒకతను కెమెరా తీసినప్పుడల్లా అమ్మ గోడ వైపు తిరిగేది. ఇల్లంతా బురద, ఒంటి మీద చీర బురద, ఆ స్థితిలో తనని ఎవరో ఎక్కడో చూస్తారని ఆవిడ బాధ. మీరు ఉత్తరం రాస్తానన్నారు కదా, దయచేసి ఆ ఇళ్ల ఫోటోలు అందులో పెట్టకండి.

ఇంకోటి, బురదలో నానినవన్నీ చూసేవాళ్లకి చెత్తలాగే కనబడతాయి. మా నాన్న కాగితాల పెట్టె ఒకటి ఉండేది, పాడైపోయిన పెట్టె. దాన్ని ఎత్తి బయట పడేయబోతూ ఒక కుర్రాడు ఆగి "ఇది ఉంచమంటారా?" అని అడిగాడు. అందులో నాన్న చేతిరాత ఉంది. ఆ ఒక్కమాట అడిగినందుకు అమ్మ అతన్ని జీవితాంతం తలచుకుంది. పని ఎంత చేశారనేది మాకు గుర్తులేదు, మా ఇంట్లో మమ్మల్ని అడిగి చేశారా లేదా అన్నది గుర్తుంది.

పుచ్చుకోవడం ఒకటే మిగిలినప్పుడు మనిషికి చాలా చిన్నతనంగా ఉంటుంది. ఆ కుర్రాడి చొక్కా చిరిగితే అమ్మ బలవంతంగా విప్పించి కుట్టి ఇచ్చింది, అతను వద్దనలేదు. ఆ రోజు అమ్మ ముఖంలో మళ్లీ ఇంటి యజమానురాలి కళ చూశాను. మీరు కూడా వాళ్లు ఏదైనా ఇస్తే తీసుకోండి, ఏదైనా చేసిపెడతామంటే చేయించుకోండి.

ఆ కుర్రాడు కొన్ని నెలల తర్వాత మళ్లీ వచ్చాడు, పని ఏమీ లేకపోయినా. అప్పుడు తన దేవుడి గురించి చెప్పాడు, మేం విన్నాం. అమ్మ తన మతంలోనే ఉండిపోయింది. అయినా అతను చెప్పినందుకు నొచ్చుకోలేదు. మొదటి రోజు నుంచీ తాను ఎవరో, ఏ మిషన్ నుంచి వచ్చాడో దాచలేదు కాబట్టి మోసపోయామని మాకు ఎప్పుడూ అనిపించలేదు. పైన బెరయవిద్యార్థి గారు అన్నది ఆ మేరకు నాకు సబబుగానే తోచింది, చెప్పదలచుకున్నది దాచిపెట్టి స్నేహం నటించడమే అవమానం.


రాత్రిడ్యూటీ:

నేను నర్సుని, ప్రార్థన సంగతి చెప్పేముందు ఒంటి సంగతి చెప్పాలి, ఏమీ అనుకోకు బ్రదర్. వరద బురదలో మూడు రోజులు పనిచేశారు. కాళ్ల మీద, చేతుల మీద గీతలు, పుళ్లు ఉన్నాయా చూసుకోండి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే డాక్టర్‌ని అడిగి వేయించుకోండి. ఎలుకల మూత్రం కలిసిన వరద నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. అది వెంటనే బయటపడదు, రెండు రోజుల నుంచి నాలుగు వారాల్లోపు ఎప్పుడైనా రావచ్చు. జ్వరం, చలి, తలనొప్పి, ముఖ్యంగా పిక్కల్లో నొప్పులు, కళ్లు ఎర్రబడటం ఉంటే ఒళ్లు అలసిందని సరిపెట్టుకోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికెళ్లి వరద నీళ్లలో పనిచేశామని చెప్పండి. ఆ ముక్క చెప్పకపోతే డాక్టర్‌కి తట్టకపోవచ్చు. మళ్లీ దిగాల్సి వస్తే బూట్లు, గ్లౌజులు లేకుండా దిగకండి. ఆ వీధిలోవాళ్లకీ ఇదంతా చెప్పండి, వాళ్లు మీకంటే ఎక్కువసేపు ఆ నీళ్లలో ఉన్నారు.

ఇప్పుడు ప్రార్థన. 1 రాజులు 19లో ఏలీయా చెట్టు కింద కూలబడి నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దేవదూత ఏం చేశాడు? లేచి తినమన్నాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. హోరేబు కొండ, మెల్లని స్వరం, చేయవలసిన పని, అన్నీ ఆ తర్వాత. రాత్రి డ్యూటీలు వరసగా పడినప్పుడు నాకూ ప్రార్థన రాదు, దేవుడు దూరమయ్యాడనే అనిపిస్తుంది, నిద్రపోయి లేచాక చూస్తే ఆయన ఎక్కడికీ వెళ్లలేదు. నీ బాధలో సగం నిద్రలేమి అని నా అనుమానం. మిగతా సగం నిజంగా చూసుకోవాల్సిందే, ఎందుకంటే మార్కు 1లో ఊరంతా తలుపు దగ్గర పోగైన సాయంత్రం తర్వాత కూడా ప్రభువు ఇంకా చీకటి ఉండగానే లేచి ఏకాంతంగా ప్రార్థించాడు.

మార్కు 6:31 కూడా చదువు. శిష్యులు ఇద్దరిద్దరుగా వెళ్లి తిరిగొచ్చి చేసినవీ బోధించినవీ చెప్తుంటే, తినడానికి కూడా తీరిక లేదని చూసి, ఏకాంతంగా వచ్చి కాస్త అలసట తీర్చుకోండి అన్నాడు. వాళ్లు వెళ్లేసరికి అక్కడికీ జనం వచ్చేశారు, అది వేరే సంగతి, కానీ ఆయన మాత్రం విశ్రాంతిని మర్చిపోలేదు. మార్మన్ చర్చి (అమెరికాలో పుట్టిన లేటర్-డే సెయింట్స్ చర్చి) యువ మిషనరీలు అబ్బాయిలైతే 24 నెలలు, అమ్మాయిలైతే 18 నెలలు ఉంటారు, వాళ్లకి వారంలో ఒక రోజు బట్టలుతుక్కోవడానికి, ఇంటికి రాసుకోవడానికి విడిగా ఉంటుంది. ఇంటికి ఫోన్ ఒకప్పుడు ఏడాదికి రెండుసార్లే, 2019 ఫిబ్రవరి నుంచి వారానికోసారి మాట్లాడనిస్తున్నారు. వాళ్ల సిద్ధాంతాలతో నాకు పొత్తు లేదు, కానీ కుర్రాళ్లని దూరం పంపేటప్పుడు విశ్రాంతి, అమ్మానాన్నలతో మాట రెండూ నియమంలోనే ఉండాలన్నది నాకు నచ్చింది. మీకు అలాంటి రోజు ఉందా? లేకపోతే లీడర్‌ని అడుగు, సిగ్గుపడాల్సిన అడగడం కాదు అది. అమ్మకి ఫోన్ చేశావా అసలు?


కోతపనివాడు:

అందరికీ వందనాలు. సిస్టర్, అమ్మతో మాట్లాడాను. టీకా ఇద్దరం వేయించుకున్నాం, జ్వరం లేదు, వీధిలో చెప్పాం కూడా, ఒకరిద్దరికి నొప్పులున్నాయంటే డాక్టర్ దగ్గరికి పంపాం. మా పార్ట్‌నర్ కెమెరా తీయలేదు గానీ నేనే ఉత్తరం కోసం తీద్దామనుకున్నాను, అవతలిగుమ్మం గారు రాసింది చదివాక ఇక తీయను. మీ అమ్మగారి సంగతి ఇద్దరం కలిసి చదివాం, చాలాసేపు ఇద్దరికీ మాట రాలేదు.

రిపోర్టు సున్నాలతోనే పంపాను, కింద ఆసుపత్రి సంగతి రాశాను. లీడర్ ఫోన్ చేసి మొదట అడిగింది ఆ పెద్దాయన ఎలా ఉన్నారని. అంకెల ఊసే ఎత్తలేదు. పెద్దాయన ఇంటికి వచ్చేశారు, నిన్న వెళ్తే ఇంకోటి చదవమన్నారు.

ఇంకా రెండు అడగాలి. ప్రార్థన ఉత్తరంలో ఆయన సంగతి రాయొచ్చా? రాస్తే మావాళ్లు ఎంతో సంతోషిస్తారు, ప్రార్థిస్తారు కూడా. ఇంకోటి, మా పార్ట్‌నర్‌కి ఈ మాటలు చెప్పడం కన్నా పని చేయడమే ఇష్టం, చెప్పడానికి ఏం తొందర అంటాడు. నాకేమో రోజులు గడిచిపోతున్నాయని ఆదుర్దా. ఇద్దరి మధ్య మాటలు తగ్గుతున్నాయి.


పాతప్రయాణికురాలు:

తమ్ముడూ, ఉత్తరం సంగతి ఆయన్నే అడుగు. "మా ఊళ్లో నాకోసం ప్రార్థించేవాళ్లున్నారు, మీకోసం కూడా ప్రార్థించమని రాయనా?" అని. సరే అంటే పేరు లేకుండా, జబ్బు వివరాలు లేకుండా రాయి. వద్దంటే అసలు రాయకు, నువ్వు ఒక్కడివే ప్రార్థించు. మారిపోయేలా ఉన్నాడు అన్నట్టు మాత్రం రాయొద్దు, ఆయన అన్నది ఒక్క మాట, దాన్ని పెంచే హక్కు మనకి లేదు. ఆయన మళ్లీ 88 అడిగితే విసుక్కోకుండా అదే చదువు. ఇంకోటి కావాలంటే 13, తర్వాత 42 చదువు, రెండూ దేవుణ్ణి ఎంతకాలం, ఎందుకు అని నిలదీసేవే. ఆయన ఇష్టపడితే ఆ తర్వాత మార్కు సువార్త మొదటి నుంచి కొంచెం కొంచెంగా.

పార్ట్‌నర్ గురించి. పౌలు, బర్నబా అంతటివాళ్లే మార్కుని తీసుకెళ్లాలా వద్దా అన్న దగ్గర తీవ్రంగా వాదించుకుని విడిపోయారు, అపొస్తలుల కార్యములు 15 చివర ఉంది. చివరి రోజుల్లో అదే మార్కుని వెంటబెట్టుకు రమ్మని, అతను పరిచారానికి నాకు ప్రయోజనకరమైనవాడని పౌలు తిమోతికి రాశాడు. మీరిద్దరూ అంతదాకా తెచ్చుకోనక్కర్లేదు. నువ్వు ఆదుర్దాపడేది దేని గురించో అతనికి ఎదురుగా కూర్చుని చెప్పావా, లేక మాకే చెప్పావా? ముందు అతను ఎందుకు తొందరపడొద్దంటున్నాడో విను. బహుశా మాట చెప్పి అవమానపడిన అనుభవం ఏదైనా ఉండొచ్చు. ఆవిడకి క్షణంలో సరైన జవాబు ఇచ్చింది అతనే, ఆ సంగతి నువ్వు మెచ్చుకున్నట్టు అతనికి తెలుసో లేదో.


బెరయవిద్యార్థి:

అక్క చెప్పింది చేయి. నేను ఒక్కటే కలుపుతాను, అవతలిగుమ్మం గారు చెప్పిన చొక్కా సంగతి చదివాక తట్టింది. అపొస్తలుల కార్యములు 28లో ఓడ బద్దలై పౌలు మెలితే ద్వీపంలో పడ్డాడు. వానలో, చలిలో ఉంటే ఆ ద్వీపవాసులే నిప్పు రాజేసి చేర్చుకున్నారు, పౌలు వాళ్లతోపాటు పుల్లలు ఏరాడు. ద్వీపంలో ముఖ్యుడైన పొప్లి మూడు రోజులు తన దగ్గర ఉంచుకున్నాడు. పొప్లి తండ్రి జ్వరంతో, రక్తభేదితో ఉంటే పౌలు ప్రార్థించి స్వస్థపరచాడు, మిగతా రోగులూ వచ్చారు. మూడు నెలలున్నారు. అక్కడ పౌలు చేసిన ప్రసంగం ఒక్కటి కూడా లూకా రాయలేదు. చేసి ఉండడని నేననను, పౌలు ఊరుకునే మనిషి కాదు. కానీ లూకా రాయాలనుకున్నవి నిప్పు, పుల్లలు, ప్రార్థన, వాళ్లు వెళ్లేటప్పుడు ద్వీపంవాళ్లు ఓడలో పెట్టి పంపిన సామాను. ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా ఉంది.

నీకు ఆ భాష ఇంకా సరిగా రాదన్నావు. ఆ ఇంటావిడని వారంలో రెండుసార్లు మీ ఇద్దరికీ భాష నేర్పమని అడుగు. మీ పార్ట్‌నర్‌నే అడగమను, ఆవిడకి అతని మీద నమ్మకం ఉంది. ఏ పుస్తకంతో నేర్పాలో ఆవిడనే ఎంచుకోనివ్వండి, బైబిల్ తీసుకెళ్లకండి. ఇళ్లు సర్దుకోవడం అయ్యి ఆవిడకి కాస్త తీరిక దొరికేది ఎప్పుడో కనుక్కుని వెళ్లండి.